రవిక తొడిగిన బొమ్మ

మొన్న ఎండాకాలంలో ఊరికి పోయినప్పుడు, పొద్దున్నే హాలు ఊడుస్తుంటే గోడ వారగా ఆకుపచ్చ పొట్టు చీపురుకు తగిలింది. ఉల్లిపొరంత పల్చగా, గోరంత ముక్కలు. తలెత్తి చూస్తే పైన నాయనమ్మ బొమ్మ. నాయనమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బొమ్మ ఎప్పటిలాగే కిటికీ పక్క మేకుకు వేలాడుతోంది గాని, భుజం దగ్గర రవిక కొంచెం లేచిపోయి కింద నుంచి ఇటుక రంగు కనబడుతోంది. ఎండకు రంగు పగిలి రాలుతోంది కాబోలు అనుకున్నాను. పొట్టును చేటలోకి ఎత్తి బయట పారబోయడానికి పోయి, ఎందుకో చెయ్యి రాక గడపలో నిలబడిపోయాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఆకుపచ్చను చూస్తే నాకు చెవులు వేడెక్కుతాయి. మనిషి పెద్దయ్యేకొద్దీ సిగ్గు తగ్గుతుందంటారు. మా ఇంటి సిగ్గు మాత్రం గోడకు వేలాడుతూ మాతోపాటే పెద్దదైంది.

మంఖాల్ దగ్గర మా పాత ఇల్లు మట్టి గోడలది, పైన పెంకులు. లోపలి గదిలో పగలు కూడా దీపం పెట్టుకునేంత చీకటి. జొన్నల గుమ్మి, చింతపండు కుండ, మూలన చుట్టిన చాపలు, వాటి మీద ఎప్పుడూ ఒక పిల్లి. శుక్రవారం నాయనమ్మ పేడతో అలికితే ఆ గది అంతా పచ్చివాసన, మధ్యాహ్నానికి అది ఆరి సాంబ్రాణి వాసన పైకి వచ్చేది. గుమ్మికి ఎదురుగా ఆ బొమ్మ ఉండేది. నాయనమ్మ దాని కింద గోడకానుకుని కూర్చుని రొట్టె తినేది, తంబాకు నలుపుకునేది, నాకు పేలు చూసేది. ఆ బొమ్మలో ఉన్నది ఆమేనని, ఆమె ఒళ్లో ఉన్న నల్లటి ముద్ద మా బాపు అని నాకు నడక వచ్చిన రోజుల నుంచీ తెలుసు. ఆమెకు పైట లేదని మాత్రం పదమూడేళ్లు వచ్చేదాకా నాకు కనిపించలేదు. గోడ మీద బల్లిని ఎంత పట్టించుకుంటామో దాన్నీ అంతే పట్టించుకునేవాళ్లం.

దాన్ని వేసినావిడ పేరు వసుంధర. మా ఊళ్లో ఆ పేరు ఎవరి నోటా పలకలేదు, అందరికీ బొమ్మలమ్మ. బాపు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు ఆమె అన్న మా ఊరి బడికి పంతులుగా వచ్చి, మా ఇంటి ముందు గది కిరాయికి తీసుకున్నాడట. పెళ్లి కాని చెల్లెలు ఆయనకు వండిపెట్టడానికి వచ్చి, వంట మానేసి బొమ్మలు వేసిందని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. నాట్లు మొదలైన దగ్గర్నుంచి కోతలయ్యేదాకా ఉంది. పొద్దున్నే కూలోళ్లతో పాటు పొలానికి పోయి గట్టు మీద కూర్చునేది. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, అవిసె నూనెలో నూరి రంగు చేసుకునేది. గుడ్డ మీద కాదు, పాత తలుపు చెక్కల మీద వేసేది. వంగిన నడుములు, మోకాళ్లు, మడమలు. ముఖాలకు కళ్లూ ముక్కూ ఉండేవి కావు. "మూతి లేని మనుషులు ఏందక్కా అంటే, ఆమెకు నవ్వొస్తుండె, జవాబు చెప్పకపోతుండె" అనేది నాయనమ్మ. పోయేరోజు మిగతా చెక్కలన్నీ బండికెక్కించుకుని ఈ ఒక్కదాన్ని మా ఇంట్లో వదిలేసి పోయింది.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో మా ఇంటికి స్లాబు వచ్చింది. స్లాబుతో పాటు హాలు వచ్చింది. అంతకుముందు మాకు హాలు అనే మాటే లేదు, వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చునేవాళ్లు. బాపు నాగలి వదిలేసి కారు నడపడం నేర్చుకుని ఎయిర్‌పోర్టు దగ్గర స్టాండులో పెట్టాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, పొద్దున్నే అద్దం ముందు దువ్వెన. పాత ఇల్లు కూల్చినప్పుడు నాయనమ్మ గుమ్మిని అడగలేదు, పెట్టెను అడగలేదు, బొమ్మ ఒక్కటీ చేత పట్టుకుని వచ్చి హాల్లో మేకు కొట్టమంది. లోపలి గది చీకట్లో ఉన్న బొమ్మ పెద్ద కిటికీ వెలుతురులోకి వచ్చింది. అప్పుడు చూశాం అందరం. ఎర్రటి పెద్ద ఆకారం, చెట్టు మొదలంత బలంగా భుజం, దాని కింద గుండ్రంగా, ఏ అడ్డూ లేకుండా రొమ్ము, దాని మీద వాలిన చిన్న తల. అమ్మ ఒక్కసారి చూసి వంటింట్లోకి పోయింది.

స్టాండులో బాపుతో పాటు బండ్లు నడిపే నలుగురైదుగురు ఒకరోజు ఇంటికొచ్చారు. నేను చాయ తెచ్చేసరికి అందరి కళ్లూ గోడ మీదే ఉన్నాయి. ఒకడు "ఎవరన్నా ఈమె, సినిమా పోస్టరా?" అన్నాడు. ఇంకొకడు నవ్వి, నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడమే నన్ను పట్టుకుంది. అప్పుడప్పుడే చున్నీ లేకుండా గుమ్మం దాటొద్దని అమ్మ చెబుతున్న రోజులవి. నా ఒంటినే ఎవరో ఎత్తి చూపినట్టు ట్రే అక్కడ పెట్టేసి లోపలికి ఉరికాను. బాపు ఏమన్నాడో వినలేదు. వాళ్లు పోయాక మాత్రం హాల్లో చాలాసేపు ఒక్కడే తిరిగాడు.

గగన్‌పహాడ్‌లో లారీల వెనక అక్షరాలు రాసే యాదగిరి అని బాపుకు దోస్తు ఉండేవాడు. నెమళ్లు, తామరపూలు, కళ్ల బొమ్మలు, హారన్ కొట్టమనే మాటలు ఆ దారిన పోయే సగం లారీల మీద అతని చేతివే. బాపు అతన్ని పిలిపించి, "మా అమ్మకు జర రైక తొడుగు" అన్నాడు. నాయనమ్మ ఆ రోజు చెల్లెలింటికి పోయి ఉంది. యాదగిరి మంచివాడు, చేసే పని మీద ప్రేమ ఉన్నవాడు. ఆకుపచ్చ ఎనామెల్‌తో రవిక వేసి, చేతులకు పసుపు పచ్చని అంచు తిప్పాడు. అక్కడితో ఆగితే వేరు. "మొఖం గింత ఖాళీగ ఉంటే మంచిగుండదన్నా" అని లారీల మీద వేసే అలవాటున పెద్ద పెద్ద కళ్లు పెట్టాడు, ముక్కుపుడక పెట్టాడు, నుదుట బొట్టు పెట్టాడు. పెదవుల మీద చిన్న నవ్వు కూడా వేశాడు. మేమంతా నిలబడి చూసి, ఇప్పుడు కళ వచ్చిందన్నాం. నాకూ ప్రాణం నిమ్మళించింది. రంగు ఆరేదాకా ఇల్లంతా ఘాటు వాసన, కిటికీలన్నీ తెరిచిపెట్టాం.

నాయనమ్మ తిరిగొచ్చి బొమ్మ ముందు నిలబడింది. బాపు తలుపు దగ్గర, నేను బాపు వెనక. "మంచిగనే ఉన్నది" అంది. గొంతులో కోపం లేదు. మరుసటి రోజు నుంచి రొట్టె తినడానికి హాల్లో కూర్చోలేదు. తట్టలో రొట్టె పెట్టుకుని వంటింట్లో పొయ్యి పక్కకు పోయేది. అమ్మ ఒకటి రెండుసార్లు పిలిచి ఊరుకుంది. ఇల్లు కట్టి ఇంత హాలు పెట్టుకుంటే మనిషి వంటింట్లో నేల మీద తినడమేమిటని బాపు గొణిగేవాడు గాని, ఆమె మొఖం చూసి ఎప్పుడూ అనలేదు.

ఏడాది దాటాక ఫోను వచ్చింది. బడిలో అడిగి బాపు నంబరు పట్టుకున్నారట. అవతల సన్నటి గొంతు, "నేను వసుంధరను నాయనా, మీ ఇంట్లో ఉండేదాన్ని" అంది. ఆమె ముసలిదై వేరే ఊళ్లో మేనకోడలి దగ్గర ఉంటోంది. ఎవరో చదువుకున్న పిల్లలు ఆమెను వెతికి పట్టుకుని, ఆమె బొమ్మలన్నీ ఒకచోట పెట్టి జనానికి చూపిస్తామంటున్నారు. కానీ మా ఊళ్లో వేసినవన్నీ అన్నగారింటి అటక మీద వానకు తడిసి, చెదలు పట్టి పోయాయి. మిగిలింది మా గోడ మీదిది ఒక్కటే. "అది లేకపోతే నేను మొదట్లో ఏం చేశానో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండు నెలలు అరువియ్యి, మళ్లీ నేనే తెచ్చిస్తాను" అంది. బాపు "సరే అమ్మా, రాండ్రి" అని ఫోను పెట్టేసి, కూర్చున్నచోటే ఉండిపోయాడు.

యాదగిరిని మళ్లీ పిలిచారు. అతను మూల దగ్గర గుడ్డతో కిరసనాయిలు రుద్దాడు. గుడ్డకు ఆకుపచ్చ వచ్చింది, వెంటనే దాని వెనకే ఎర్రమట్టి రంగు కూడా వచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కుని, "అన్నా, ఇది తీస్తే అది గూడ పోతది" అన్నాడు. చెదలు తిన్నాయని చెబుదామని అమ్మ అంది. చెక్కను చుట్టాలింట్లో దాచిపెడదామంది. బాపు రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాడు. నాయనమ్మ అంతా విని, "ఆమె బొమ్మ ఆమె సూసుకుంటది, మీరెందుకు పరేషాన్ అయితున్రు" అని, తన పాత చీర తెచ్చి బొమ్మ మీద కప్పింది.

ఆమెను తీసుకురావడానికి బాపు కారులోనే విమానాశ్రయానికి పోయాం. నన్ను తోడు రమ్మన్నాడు. అక్కడివాళ్ల చక్రాల కుర్చీలో బయటికి వచ్చింది, పొట్టి మనిషి, తెల్ల చీర, భుజాన గుడ్డ సంచి. బాపును చూడగానే, "నా బొమ్మలో పిల్లాడివి నువ్వేనా! ఎంత పొడుగయ్యావు!" అని అతని చెయ్యి పట్టుకుంది. అక్కడినుంచి మా ఊరు ఎంతో దూరం కాదు. బాపు మాత్రం బండిని ఊరివైపు కాకుండా శంషాబాద్ వైపు తిప్పాడు. నేను అతని వైపు చూశాను. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు.

ఆమె వెనక సీట్లో కూర్చుని చెబుతూనే ఉంది. బొమ్మల బడిలో చేరిన ఒకే ఒక్క ఆడపిల్ల తనట. "బట్టలు లేని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించే తరగతి ఒకటి ఉండేది. ఆ గంట నన్ను బయట వరండాలో కూర్చోబెట్టి పూలకుండీ గీయమనేవారు. నాలుగేళ్లూ పూలకుండీయే. మనిషి ఒళ్లు ఎలా వంగుతుందో, బరువు ఎక్కడ ఆనుతుందో మీ ఊరి పొలాల్లోనే నేర్చుకున్నాను. తర్వాత ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుని అయ్యాను. వాళ్లకు నేనూ పూలకుండీలే నేర్పాను, చూడు." తనే నవ్వుకుంది. గగన్‌పహాడ్ దగ్గర ముందు పోతున్న లారీ మీద నెమలిని చూసి, "ఎవరు వేశారో గాని ఎంత ధైర్యమైన గీతలో!" అంది. బాపు ఎందుకో ఒక్కసారిగా బ్రేకు వేశాడు. ఏసీ నడుస్తున్నా అతని మెడ వెనక చెమట కారడం నాకు కనబడుతోంది. ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆమె కిటికీలోంచి చూసి, "ఇది పట్నంలోకి పోయే దారి కాదా నాయనా?" అని అడిగింది. "అటు దిక్కు రోడ్డు తవ్విన్రు అమ్మా" అన్నాడు బాపు. ఎవరూ ఏ రోడ్డూ తవ్వలేదు. చుట్టూ తిరిగి శ్రీశైలం రోడ్డు ఎక్కేదాకా నేను నా చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. చెప్పలేదు.

నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అక్కా, గిట్ల ముడుచుకపోయినవేందే!" అంటే, ఆమె "నీకు పళ్లేవి నర్సమ్మా?" అంది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. చాయ తాగారు. తర్వాత ఆమె, "ఏదీ, మన బొమ్మ?" అంది. అమ్మ నేలచూపులు చూసింది. బాపు కదల్లేదు. నాయనమ్మే లేచి పోయి చీరను లాగేసింది.

ఒక విమానం ఇంటి మీదుగా దిగుతూ పోయింది. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, గోడ దగ్గరికి పోయింది. రవిక గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె రవికను చూడనే లేదు. "ఈ కళ్లు ఎవరివి, నర్సమ్మా?" అంది.

"తప్పైంది అమ్మా" అన్నాడు బాపు. "నలుగురు వచ్చేటి ఇల్లయింది. సూసి నవ్వుతున్రు. మా అమ్మ గదా… ఏం చెయ్యాల్నో తెల్వలే."

ఆమె కుర్చీలో కూలబడింది. కోపం రాలేదు, వస్తే బాగుండేది. "నిన్ను ఏమనను నాయనా. నేను చేసిందేమిటి? ఆ రోజు ఈమె పాలిస్తుంటే గుమ్మం అవతల నిలబడి దొంగలాగా గీసుకున్నాను. అడగలేదు. తర్వాత చెక్క మీద ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. కళ్లు పెడితే ఈమె నన్ను చూస్తుంది. పెట్టలేకపోయాను. ఆ తర్వాత ఎవరికీ పెట్టలేదు. పట్నంలో వాళ్లు అది కొత్త పద్ధతి అన్నారు, ఇప్పుడీ పిల్లలూ అదే రాస్తున్నారు. పద్ధతీ కాదు, పాడూ కాదు. సిగ్గు. అందుకే దీన్ని నా వెంట తీసుకుపోలేక ఇక్కడ వదిలిపోయాను."

నాయనమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "నాకు తెల్వదనుకున్నవా అక్కా? నీ గాజులు గలగలమన్నయి గదా. పోరడు పాలు తాగుడు ఎప్పుడో బంద్ చేసి పండుకున్నడు. పైట ఏసుకుందామని చెయ్యి లేపిన. మళ్ల నువ్వు గీస్తున్నవు, నేను కదిల్తె నీది ఖరాబైతదని అట్లనే కూసున్న. చెయ్యి తిమ్మిర్లెక్కింది. అయిన కదల్లే." తర్వాత నవ్వు పోయిన గొంతుతో అంది, "నా దిక్కు గంతసేపు ఎవ్వరు సూడలే అక్కా. మా ఆయన గూడ సూడలే."

బాపు బయటికి పోయి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. పోతూ పోతూ బొమ్మ వైపు చూడలేకపోవడం నేను చూశాను. మేము కప్పింది ఒక ఆడమనిషి ఒళ్లు అనుకున్నాం. ఆమె చెయ్యి తిమ్మిరెక్కేదాకా తనంత తాను కూర్చున్న గంటను కప్పేశాం. ఆ మాట అప్పుడు నాకు ఇలా తోచలేదు.

వసుంధర గారు బొమ్మను తీసుకుపోలేదు. రవిక తీయబోతే తనదీ పోతుందని ఆమెకు యాదగిరి చెప్పనక్కర్లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ బొమ్మ కింద గోడకానుకుని కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నారు. నాయనమ్మ హాల్లో తినడం అదే మళ్లీ మొదలు. సాయంత్రం బాపు ఆమెను దించడానికి ఈసారి తిన్నని దారిలో పోయాడు. మాట మొదలయ్యేలోపే విమానాశ్రయం వచ్చేసింది. "ఎంత దగ్గరో!" అంది ఆమె, దిగుతూ. ఇంకేమీ అనలేదు. బాపు ఆ మాటను ఈనాటికీ మరిచిపోలేదు.

ఆమె బొమ్మల ప్రదర్శనకు పిలుపు వచ్చింది. పట్నం ఎంత దూరం? బాపుకు ట్రిప్పు ఉందన్నాడు, అమ్మకు ఒంట్లో బాగాలేదంది, నాకు పరీక్షలన్నాను. మొదటి రోజుల పనులేవీ దొరకలేదని పేపర్లో రాశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమె పోయిందని తెలిసింది. అప్పుడు మాకు హాలు కొత్త, వచ్చేవాళ్ల కళ్లు కొత్త, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న భయం కొత్త. ఇప్పుడు ఆ హాల్లో సోఫాలు వచ్చి పాతబడ్డాయి కూడా. పాత ఇంటి చీకట్లో ఎవరికీ కనబడని బొమ్మ ఎవరికీ తప్పుగా తోచలేదు, వెలుతురు వచ్చాక మేము చూసింది తప్పొక్కటే. ఇలాంటి సంగతులు రాసుకుని బతికేదాన్ని గదా, ఆ బొమ్మ గురించి మాత్రం ఇన్నేళ్లూ ఒక్క వాక్యం రాయలేకపోయాను.

మొన్న ఆ ఆకుపచ్చ పొట్టు ఊడ్చిన రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక బాపు చెయ్యి కడుక్కోవడానికి నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. బొటనవేలి గోట్లో ఆకుపచ్చగా ఏదో కనబడింది. నేను చూడటం చూసి పిడికిలి మూశాడు.

"ఏంది బాపూ?"

తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటూ, "రోజు జర్రంత జర్రంత తీస్తున్న బిడ్డా" అన్నాడు. "జోరుగ గీకితే కింది రంగు లేస్తున్నది. ఎండకు పగిలినకాడ గోరు పెడితే దానంతటదే వస్తది. తొడిగించింది నేనే గదా, తీసుడు గూడ నేనే తియ్యాలె."

బొమ్మ దగ్గరికి పోయి చూశాను. భుజం సగం దాకా వచ్చింది. అక్కడక్కడా కింది ఎరుపు కూడా పోయి చెక్క బయటపడింది. అయినా ఆ భుజం బరువు మళ్లీ తెలుస్తోంది. ముఖం మాత్రం యాదగిరి వేసినట్టే ఉంది, పెద్ద కళ్లు, ముక్కుపుడక, ఎవరిదో నవ్వు.

బాపు నా వెనక నిలబడ్డాడు. "మిగిలింది నేను తీస్త. కండ్లు నాతోని అయితలేవు. గోరు పెడదామని పోతే నా దిక్కే సూస్తున్నయి. నీ గోర్లు సన్నగున్నయి, కండ్లు నువ్వు తియ్యి."

కుర్చీ జరిపి ఎక్కాను. ఎడమ కంటి కొసన పెచ్చు కొంచెం లేచి ఉన్న చోట గోరు ఆనించాను. బాపు ఈసారి బయటికి పోలేదు. నేను పడకుండా కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.